ఫార్మాట్ కొడితే పోయేది ఎన్ని గంటలు?

“అన్నా, సిస్టం ఆన్ అయితలేదు. నల్ల తెర మీద తెల్లగీత ఒక్కటే కొట్టుకుంటాంది.”

కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు పొద్దున్నే వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఆ వెంటనే వచ్చే మాట కూడా తెలిసిందే: “పోనీ, ఫార్మాట్ కొడితే అయిపోతది గదా?” అయిపోతుంది. ఎంతసేపట్లో అన్నది మాత్రం ఎవరూ లెక్కవేయరు. ఆ లెక్కే ఇక్కడ వేద్దాం.

నల్లమల అంచున, అచ్చంపేటకు దాపులో ఉన్న మండల కేంద్రం బల్మూర్. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. అక్కడ 4 సిస్టమ్‌లతో ఒక ఆన్‌లైన్ సర్వీసుల షాపు ఉందనుకుందాం. కొండనాగుల నుంచో మైలారం నుంచో పాస్‌పుస్తకం పట్టుకొని వచ్చినవాళ్లు బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల ఒక సిస్టమ్ పడిపోయింది.

పెన్‌డ్రైవ్‌తో ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ ఎక్కించడానికి 20 నిమిషాలు. పాత హార్డ్‌డిస్క్ అయితే గంట దాకా పట్టవచ్చు గానీ, 20 అనే అనుకుందాం. డ్రైవర్లకు 30. అప్‌డేట్లకు, నెట్ సరిగ్గా ఉంటే, 90. రెండు ప్రింటర్లకు 20. వేలిముద్ర మిషన్‌కు డ్రైవరూ, దాని వెనక నడిచే ఆధార్ సర్వీసూ కలిపి 30. డిజిటల్ సంతకం టోకెన్‌కు 15. ఎంఎస్ ఆఫీసుకు 30. పేజ్‌మేకర్, అను ఫాంట్లకు 30. బ్రౌజర్‌లో పాపప్‌లు వదలడం, స్కానర్ రిజల్యూషన్ సరిచేయడం, బుక్‌మార్కులు తిరిగి పెట్టుకోవడం లాంటి చిల్లర పనులకు ఇంకో 30. మొత్తం 295 నిమిషాలు. ఐదు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. ఇది నా అంచనా. మధ్యలో కరెంటు పోలేదు, టోకెన్ పాస్‌వర్డ్ ఎవరూ మరిచిపోలేదు అనుకొని వేసిన అంచనా.

ఇందులో విండోస్ వాటా 20 నిమిషాలే. మిగతా 275 నిమిషాలు ఆ షాపు తన పనికి తగ్గట్టు సిస్టమ్‌ను మలుచుకోవడానికి పోతాయి. అను ఫాంట్లనే తీసుకోండి. యూనికోడ్ కాని తెలుగు ఫైలును ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు. ఇంగ్లిషు అక్షరాలు, కొమ్ములూ తోకలూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. పదేళ్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉన్నట్టే ఉంటాయి, చదవడానికి మాత్రం రావు. “డేటా అంతా తీసి పెట్టిన” అని ధీమాగా చెప్పేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫైళ్లు కాపీ చేసుకోవడం ఒక పని. పనిచేస్తున్న సిస్టమ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోవడం ఇంకో పని. ఈ రెండోదాన్నే ఇమేజ్ తీయడం అంటారు.

ఇమేజ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్లు, డ్రైవర్లు, సెట్టింగులు అన్నీ కలిపి డిస్కు మొత్తానికి తీసిన అచ్చు. ఈ పనికి 1990లలో పేరు తెచ్చింది ‘ఘోస్ట్’. అది న్యూజిలాండ్‌లో పుట్టింది, 1998లో సిమాంటెక్ కొనేసింది. మన దగ్గర ఇప్పటికీ కొందరు పాత టెక్నీషియన్లు ఏ సాఫ్ట్‌వేర్‌తో తీసినా “ఘోస్ట్ కొట్టిన” అనే అంటారు. ఇవాళ ఉచితంగా దొరికేవాటిలో తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా బాగా వాడుకలో ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే నీలం తెర మీద బూడిదరంగు పెట్టెలో ప్రశ్నలు అడుగుతుంది. చూడటానికి మొరటుగా ఉంటుంది, పని మాత్రం చక్కగా చేస్తుంది. ఒక్క జాగ్రత్త. ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అని అడిగినప్పుడు రెంటినీ తారుమారు చేస్తే ఖాళీ డిస్కు వెళ్లి నిండు డిస్కును తుడిచేస్తుంది. అందుకే అది రెండుసార్లు అడుగుతుంది. రెండోసారి కూడా చదవకుండా ‘వై’ నొక్కేవాళ్లను మాత్రం ఆపలేదు.

ఇప్పుడు సైజుల సంగతి. 500 జీబీ హార్డ్‌డిస్క్‌లో వాడుకలో ఉన్నది 60 జీబీ అనుకుందాం. డిస్కును అడుగు నుంచి అంచు దాకా అక్షరం వదలకుండా కాపీ చేస్తే, సెకనుకు 100 ఎంబీ చొప్పున 5,000 సెకన్లు, అంటే 83 నిమిషాలు. క్లోన్‌జిల్లా వాడుకలో ఉన్న భాగాన్నే తీసుకుంటుంది కాబట్టి అదే వేగంతో 10 నిమిషాలు. కుదించి దాస్తే ఆ 60 కాస్తా 30 జీబీ చుట్టుపక్కలకు దిగుతుంది.

దీనికి ఒక మెలిక ఉంది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉంటే ఏది వాడుకలో ఉందో, ఏది ఖాళీయో బయటి సాఫ్ట్‌వేర్‌కు కనిపించదు. అప్పుడు 500 జీబీ మొత్తం మోయాల్సిందే, పైగా అది కుదించుకోదు కూడా. విండోస్ 11 కొత్త వెర్షన్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలు, చాలా సిస్టమ్‌లలో ఈ తాళం దానంతటదే పడుతుంది. తన సిస్టమ్‌కు తాళం ఉందని యజమానికే తెలియని షాపులు ఎన్నో. దాని రికవరీ తాళంచెవి 48 అంకెలు. దాన్ని అదే సిస్టమ్‌లో దాచుకోవడమంటే బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తలుపు వేసుకోవడమే.

30 జీబీ ఇమేజ్‌ను ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందన్నది దారిని బట్టి ఉంటుంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు కాగితం మీద సెకనుకు 60 ఎంబీ, చేతల్లో 30 వస్తే సంతోషం. అంటే 17 నిమిషాలు. నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టుకు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెడితే 100 వస్తుంది, 5 నిమిషాలు. నెట్‌వర్క్ కేబుల్ మీద గిగాబిట్ వేగమైతే నాలుగున్నర నిమిషాలు. 100 మెగాబిట్ అయితే సెకనుకు 11 ఎంబీ, అంటే 45 నిమిషాలు.

గిగాబిట్‌కు, 100 మెగాబిట్‌కు మధ్య ఉన్న ఆ పదింతల తేడా చాలాసార్లు ఒక్క రాగి తీగ దగ్గర తేలుతుంది. కేబుల్‌లో 8 తీగలుంటాయి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి, 100 మెగాబిట్‌కు నాలుగు చాలు. ఎలుక కొరికో, క్లిప్పు సరిగా నొక్కకో మిగతా నాలుగింటిలో ఒక తీగ తెగితే నెట్ ఆగదు, చప్పుడు చేయకుండా పదో వంతుకు పడిపోతుంది. బ్రౌజింగ్‌లో ఆ తేడా తెలియదు. ఇమేజ్ ఎక్కించే రోజు తెలుస్తుంది.

“అంతా క్లౌడ్‌లో పెడదాం” అంటారు కొందరు. 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉంటే అదే 30 జీబీకి 24,000 సెకన్లు, అంటే 6 గంటల 40 నిమిషాలు. ఫైళ్లకు క్లౌడ్ బాగుంటుంది. సిస్టమ్ ఇమేజ్‌కు మండల కేంద్రంలో అల్మారాలోని డిస్కే మేలని నా అభిప్రాయం.

ఒక్క సిస్టమ్ కాకుండా కాలేజీ ల్యాబులో ఉన్నట్టు పది ఉంటే? 100 మెగాబిట్ స్విచ్ మీద ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిస్తే 45 పదులు 450 నిమిషాలు, ఏడున్నర గంటలు. మల్టీకాస్ట్ పద్ధతిలో సర్వర్ ఒక్కసారే పంపుతుంది, పది సిస్టమ్‌లూ కలిసి అందుకుంటాయి. మైకులో చెప్పిన మాట పది మందికి ఒకేసారి వినపడినట్టు. అప్పుడు పదింటికీ కలిపి ముప్పావు గంట. క్లోన్‌జిల్లా తయారీదారులు చెప్పే ఉదాహరణ ఒకటుంది: 5.6 జీబీ ఇమేజ్‌ను 41 కంప్యూటర్లకు సుమారు 10 నిమిషాల్లో ఎక్కించారు. భాగించి చూస్తే సెకనుకు 9 ఎంబీ పైచిలుకు. ఒక్క కంప్యూటర్‌కు ఎక్కించినా ఆ వేగానికి అదే 10 నిమిషాలు పట్టేది. మిగతా 40 ఉచితంగా వచ్చినట్టే లెక్క.

ఇలా ఒకే అచ్చు నుంచి పది తీసేటప్పుడు, అచ్చు తీయడానికి ముందే సిస్‌ప్రెప్ నడపాలి. విండోస్ లోపలే ఉండే చిన్న పనిముట్టు అది. కంప్యూటర్ పేరు, గుర్తింపు సంఖ్య లాంటి సొంత ఆనవాళ్లను తుడిచేస్తుంది. లేకపోతే పది సిస్టమ్‌లూ ఒకే పేరుతో నెట్‌వర్క్‌లోకి వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే తలనొప్పిని వేరే దారిలో తప్పించుకోజూసిన ప్రయత్నం ఒకటి జరిగింది. 2008లో 5 వేల ఉన్నత పాఠశాలలకు, సుమారు 18 లక్షల మంది పిల్లలకు కంప్యూటర్ సీట్లు ఇచ్చే పథకంలో ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలు పెట్టారు. ఒక్క పీసీని కొన్ని తెరలు, కీబోర్డులు పంచుకుంటాయి. సీట్లు దాదాపు 50 వేలు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు అందులో కొంత వంతు మాత్రమే. ఫార్మాట్ కొట్టాల్సిన మిషన్లు తగ్గాయి, నిజమే. కానీ పీసీ ఒక్కటి పడితే దాని కింది తెరలన్నీ ఆరిపోతాయి. మిషన్లు తగ్గేకొద్దీ ఒక్కొక్కదాని ఇమేజ్ విలువ పెరుగుతుందన్నమాట.

డేటా ఎక్కడ ఉంటుందన్నదీ ముఖ్యమే. రిజిస్ట్రేషన్ల శాఖలో 1998 నవంబరు 4న కంప్యూటర్ల మీద రిజిస్ట్రేషన్లు చేసే ‘కార్డ్’ పథకం 214 చోట్ల మొదలైనప్పుడు ఏ ఆఫీసు సర్వర్ ఆ ఆఫీసులోనే ఉండేది. డేటా పోతే అక్కడే పోయేది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే జరుగుతోంది, డేటా మాత్రం దూరంలోని సర్వర్‌లో. మండలంలోని డెస్క్‌టాప్ ఇప్పుడు ఒక తలుపు లాంటిది. ఇల్లు భద్రంగానే ఉంటుంది. తలుపు బిగుసుకుపోతే లోపలికి పోలేం, అంతే. పని గడువు మీదున్నప్పుడైతే అదీ కష్టమే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రభుత్వ పథకాలకు దరఖాస్తులు తీసుకున్న ప్రజాపాలన కార్యక్రమంలో రాష్ట్రమంతటా సుమారు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించడానికి పెట్టిన గడువు జనవరి 17. 11 రోజులు. అలాంటి వారంలో 295 నిమిషాలంటే సగం పనిదినానికి మించి.

డిస్కు చెడటం ఒక్కటే కారణమైతే ఈ కథ ఇంతటితో ఆగేది. 2017 మే 12న వనాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడ్డప్పుడు చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్లలోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లూ కొన్ని చిక్కాయి. ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి సిస్టమ్‌కు 300 డాలర్లు అడిగింది. దాన్ని ఆపగల అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న విడుదల చేసింది. మధ్యలో 59 రోజులు. ఇలాంటి రాన్సమ్‌వేర్ సిస్టమ్‌కు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కునూ వదలదు. బ్యాకప్ డిస్కును ఏడాదంతా యూఎస్‌బీకి వేలాడదీసి ఉంచితే, ఉన్నా లేనట్టే. పని కాగానే పీకి అల్మారాలో పెట్టాలి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 లెక్క చాలామంది చెబుతారు. ఆ వేరే చోటు బల్మూర్ షాపుకు యజమాని ఇల్లు అయినా చాలు.

2024 జులై 19న జరిగింది ఇంకో రకం. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రత కోసమే పంపిన ఒక అప్‌డేట్ మన గడియారం ప్రకారం ఉదయం 9:39కి బయల్దేరింది, 10:57కు వెనక్కి తీసుకున్నారు. 78 నిమిషాల్లో 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలితెరకు చిక్కాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్‌ను చేత్తో రాసిచ్చారు. పేరు, సీటు అన్నీ పెన్నుతోనే. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. మందు చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడం. కానీ చాలా సిస్టమ్‌ల దగ్గరికి మనిషి నడిచి వెళ్లాల్సి వచ్చింది, బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెలూ కొట్టాల్సి వచ్చింది. ఒక్కోదానికి పావుగంట వేసుకున్నా 85 లక్షలకు 21 లక్షల 25 వేల గంటలు.

మళ్లీ మన షాపుకొద్దాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. మొదటి రెండూ పాత సిస్టమ్‌లలో దొరుకుతాయి, మూడోదే చాలాచోట్ల అడ్డు. అందుకని కొత్తది కొనేదాకా పాత సిస్టమ్‌నే నడపడానికి చాలామంది ముందు హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటున్నారు. ఆ మార్పులోనే ఒక చిక్కు ఉంది. 500 జీబీ డిస్కు నుంచి తీసిన ఇమేజ్ 240 జీబీ ఎస్‌ఎస్‌డీ మీదికి నేరుగా ఎక్కదు, లోపల ఉన్నది 60 జీబీయే అయినా సరే. డిస్కు చిన్నదని క్లోన్‌జిల్లా మొరాయిస్తుంది. ఇమేజ్ తీయకముందే విండోస్‌లో సీ డ్రైవ్‌ను 200 జీబీకి కుదించి, వెనక వేరే పార్టిషన్లు ఏవీ మిగలకుండా చూసుకోవాలి. విండోస్ చూపించే లెక్కలో 500 అంటే 465, 240 అంటే 223. 230కి కుదించి “ఇంకా పది మిగిలింది గదా” అనుకున్నవాళ్లు రెండోసారి మొదటి నుంచి చేస్తారు.

ఇవన్నీ పాడైన రోజున తెలుసుకోవడం కంటే రెండో శనివారం మధ్యాహ్నం, బెంచీ ఖాళీగా ఉన్నప్పుడు తెలుసుకోవడం తేలిక. నడుస్తున్న సిస్టమ్ డిస్కు ఊడదీసి పక్కన పెట్టండి, వేరే ఎస్‌ఎస్‌డీ బిగించి ఇమేజ్ ఎక్కించండి. విండోస్ తెర రాగానే గడియారం ఆపొద్దు. వేలిముద్ర మిషన్ మీద మీ వేలు పెట్టండి, అను ఫాంట్లో ఒక పాత ఫైలు తెరవండి, రసీదు ఒకటి ప్రింటు తీయండి. అప్పుడు గడియారం చూసి, ఆ నిమిషాల సంఖ్యనూ తేదీనీ ఎస్‌ఎస్‌డీ మీద ఒక ప్లాస్టర్ ముక్క అంటించి రాసిపెట్టండి. ఆ ఎస్‌ఎస్‌డీని అలాగే గల్లాపెట్టెలో ఉంచేసి, పాత డిస్కును మళ్లీ బిగించుకోవచ్చు.