35 దాటాక కాన్పు: వయసొక్కటే చెబితే సరిపోదు, ఎందుకంటే...

కేరళలో ఒక ఉద్యోగిని 36 ఏళ్లకు తొలిసారి తల్లి కాబోతున్నారనుకుందాం. బిహార్ పల్లెలో అదే వయసు మహిళకు అది ఐదో కాన్పు. ఆసుపత్రి రిజిస్టర్‌లో ఇద్దరి వయసూ ఒకటే. అవసరమైన వైద్యం మాత్రం వేరు.

ఎందుకీ తేడా?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఒక్కో మహిళకు సగటున బిహార్‌లో ముగ్గురు పిల్లలు. కేరళలో 1.8. అప్పటికి 20-24 ఏళ్ల వయసున్న మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవారు బిహార్‌లో 40.8 శాతం, కేరళలో 6.3 శాతం. ఒకచోట కాన్పులు త్వరగా మొదలై చాలాకాలం కొనసాగుతాయి. మరోచోట మొదలవడమే ఆలస్యం.

మన దగ్గర?

తెలుగు రాష్ట్రాలది మరో దారి. పిల్లల సంఖ్య కేరళలాగే తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. కానీ 18 లోపు పెళ్లిళ్లు ఏపీలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. త్వరగా పెళ్లి, వెంటనే పిల్లలు, ఆ తర్వాత ఆపరేషన్. ఏపీలో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. చదువు, ఉద్యోగం తర్వాత పెళ్లి చేసుకునే నగర మహిళలు ఈ లెక్కకు భిన్నం.

ముప్పు ఏమిటి?

వయసు పెరిగేకొద్దీ గర్భిణుల్లో బీపీ, షుగర్ ముప్పు పెరుగుతుంది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం 35 ఏళ్లకు సుమారు 350 మందిలో ఒకరికి, 40కి 100 మందిలో ఒకరికి. తొలి కాన్పయితే బీపీపై మరింత నిఘా అవసరం. నాలుగైదు కాన్పులైతే రక్తహీనత, ప్రసవం తర్వాత అధిక రక్తస్రావం గురించి జాగ్రత్త పడాలి.

మీరేం చేయాలి?

* 12 వారాల్లోపే పేరు నమోదు చేయించుకోండి. ప్రసవ తేదీ నాటికి 35 నిండుతాయా అన్నదే లెక్క.
* 11-14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్, ఐదో నెలలో టిఫా స్కాన్ గురించి డాక్టర్‌ను అడగండి.
* ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి ఉచిత పరీక్షలు చేస్తారు.
* ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ సహా ప్రసవం, మందులు, రవాణా ఉచితం.
* ఐవీఎఫ్‌కు వెళ్తుంటే, 2021 చట్టం ప్రకారం మహిళకు 50, పురుషుడికి 55 ఏళ్లు గరిష్ఠ పరిమితి.

చివరగా ఒక మాట. మనలో చాలామందికి సర్టిఫికెట్‌లో ఒక పుట్టిన తేదీ, ఇంట్లో ఒక తేదీ ఉంటాయి. డాక్టర్‌కు అసలు వయసే చెప్పండి. ఎన్నో కాన్పో, గతంలో అబార్షన్లు అయ్యాయో కూడా దాచకండి. మీకు ఏ పరీక్షలు చేయాలో తేలేది వాటితోనే.