వెన్ను క్రింది చలి

చలి పైనుండి వచ్చునని పట్నవాసుల నమ్మకము. అందులకే మనము దుప్పటి మీద దుప్పటి కప్పుకొందుము. గత పుష్యమాసమున పాల్వంచ అడవి పొలిమేరలో ఒక రాత్రి గడిపిన పిదప నేనును, నా మిత్రుడును ఆ నమ్మకమును వదలుకొంటిమి.

కిన్నెరసాని అడవి 1977లో అభయారణ్యమైనది. అనుమతి లేక లోపల మకాము చేయరాదు. కనుక వెలుపల ఒక కోయ రైతు నడిగి, ఆయన జొన్నచేని గట్టున, వాగుకు చేరువగా, ఇప్పచెట్ల నడుమ రెండు నైలాను ఊయలలు కట్టితిమి. హ్యామక్ అని అంగళ్లలో అమ్మునవి అవియే.

ఆ పేరు తైనో ప్రజల 'హమాకా' నుండి స్పానిషు ద్వారా ఇంగ్లీషునకు వచ్చినది. 1492లో కొలంబసు బహామా దీవులలో దిగినపుడు అచ్చటివారు నూలు వలలలో నిదురించుట చూచెను. నేల తేమ అంటదు, తేలు ఎక్కదు. అమెజాను అడవులలో ఊయల క్రిందనో ప్రక్కనో చిన్న నిప్పు ఉంచుకొను వాడుక గలదు. పసిబిడ్డకు చీరతో ఉయ్యాల కట్టుట మనకు ఏనాడో తెలిసినను, పెద్దవాడు అందులో పండుకొనవచ్చునన్న ఊహ మాత్రము మనకు రాలేదు!

మొదటి జాము సుఖముగానే గడచినది. నడిరేయి దాటిన పిమ్మట వాగు మీదుగా మంచు లేచినది. మావద్ద మందమైన స్లీపింగ్ బ్యాగులు ఉండెను. ఐనను వీపు మంచుగడ్డవలె ఆయెను. కారణము సులువైనదే. వెచ్చదనము నిచ్చునది గుడ్డ కాదు, గుడ్డలో చిక్కి కదలక యున్న గాలి. మనిషి బరువునకు వీపు క్రింది దూది అణగిపోయి ఆ గాలి వెడలిపోవును. మంచముపైనైన పరుపు కాపాడును. ఊయల క్రింద ఏమియు లేదు. వీచు గాలి ఒంటి వేడిమిని ఎప్పటికప్పుడు తీసికొనిపోవును.

మిత్రుడు ఏదో పలికెను గాని మాట ముద్దగా వచ్చినది. బ్యాగు జిప్పు తీయబోయిన వ్రేళ్లు తడబడినవి. అది చూచి నాకు భయము పుట్టినది. ఒంటి వేడిమి 35 డిగ్రీలకు తగ్గినచో ప్రాణాపాయము. దాని తొలి గుర్తులు ఇవియే. నీరు గడ్డకట్టు చలియే కానక్కరలేదు. చెమటతో తడిసిన నూలు చొక్కాయు, గాలియు చాలును.

నా కేక విని మంచె మీదినుండి ముసలి రైతు దిగివచ్చెను. ఊయల క్రింద చేయి ఆడించి చూచి, "పైన ఎంత కప్పుకుంటే ఏం లాభం బాబూ? కింద గాలి పోతాంది గదా!" అనెను. మిత్రుని నెగడు కడకు చేర్చి, తడి చొక్కా విప్పించి, తన గొంగళి కప్పెను. మిత్రుడు ఇప్పసారా అడిగెను, నేను వలదంటిని. సారా వెచ్చదనము భ్రాంతి మాత్రమే. అది చర్మమునకు నెత్తురు తెచ్చి లోపలి వేడిమిని బయటికి పంపును. వేడి అంబలి త్రాగించితిమి. గడియ సేపటికి మాట తేటపడినది.

ముసలివాని మంచెపై వెదురు తడికె, దానిమీద జానెడు వరిగడ్డి పరచి యుండెను. మంచె క్రిందను గాలి ఆడును. ఆ రహస్యము ఆయనకు ఏనాడో తెలియును. నేటి ఊయలల వ్యాపారులు ఊయల వెలుపల, అణగకుండ, వ్రేలాడదీయు బొంతను వేరుగా అమ్ముచున్నారు. వెల వినినచో గడ్డి మీద గౌరవము పెరుగును! వాగు ప్రక్కన కట్టుటయు మా తప్పే. చల్లని గాలి బరువైనది. నీటివలె పల్లమునకు పారును. కొండవాలు నడుమ కట్టవలసినది. గొర్రెబొచ్చు గొంగళి కొంత తడిసినను వెచ్చగానే యుండును, నూలు దుప్పటి అట్లు కాదు.

తెల్లవారగనే ముసలివాడు నెగడుపై కుండెడు నీరు పోసి, బూడిద కలియబెట్టి, అరచేతితో తాకి చూచెను. చుట్టును ఎండిన టేకాకు.

"తాతా, గొంగళి మాకిస్తివి. రాత్రంతా నువ్వెట్ల ఉన్నవు?" అని అడిగితిని.

"నెగడు ఉండె గదా బాబూ. మీకాడ కూసుంటే ఆ మూలకు పందులు వచ్చిపోయినయి," అని చేను చూపెను. తూర్పు మూలలో నాలుగైదు సాళ్ల జొన్న నేలకొరిగి యుండెను. మిత్రుడు డబ్బు తీసెను. ముసలివాడు అటు చూడక, విరిగిన కంకులు ఏరుకొనుటకు చేనిలోనికి దిగెను. మేమును చెప్పులు విడిచి ఆయన వెనుక దిగితిమి.