కోడి తురాయిపై తెల్లపొర

కోడి చర్మం మీద ఉండే శిలీంధ్రాలన్నీ రోగకారకాలు కావు. కాండిడా, మలసీజియా వంటి ఈస్టులు ఆరోగ్యంగా ఉన్న పక్షుల ఒంటి మీదా కనిపిస్తాయి. మట్టిలో రాలిన ఈకలను తిని బతికే క్రైసోస్పోరియం బూజులు దుమ్ముతో పాటు ఈకల్లోకి చేరతాయి. చర్మానికి నిజంగా తామర పట్టించేది వేరే శిలీంధ్రం. 1881లో ఫ్రెంచి పశువైద్యుడు మెన్యాఁ దాన్ని వర్ణించాడు. మైక్రోస్పోరమ్ గాలినే అనే పేరుతో అది చాలాకాలం చలామణీ అయింది. 2017లో జన్యు ఆధారాలను బట్టి లోఫోఫైటాన్ ప్రజాతిలో చేర్చినా, పశువైద్య పుస్తకాలు పాత పేరును అంత తేలిగ్గా వదల్లేదు. అది తెచ్చే రోగం ఫేవస్.

దీని ఆహారం కెరాటిన్, అంటే చర్మం పైపొరలో, ఈకల్లో, గోళ్లలో ఉండే గట్టి ప్రోటీన్. ఎంజైములతో దాన్ని కరిగించుకుంటూ శిలీంధ్రపు పోగులు పాకుతాయి. సాధారణంగా అవి చచ్చిన కణాల పొర దాటి లోపలికి దిగవు. ముందు ఈకలు లేని చోటే, తురాయి మీదా గొంతు కింద వేలాడే ఎర్రని తోలు మీదా పిండి చల్లినట్టు తెల్లని మచ్చలు లేస్తాయి. అవి కలిసిపోయి ముడతలు పడ్డ మందపాటి పొరగా మారతాయి. చాలా కోళ్లలో వ్యవహారం ఇక్కడితోనే ఆగిపోతుంది, కొన్ని వాటంతటవే కోలుకుంటాయి కూడా. ఈకలున్న చర్మానికి పాకితేనే ఇబ్బంది. ఈకల మొదళ్ల చుట్టూ పొలుసులు కట్టి, ఈకలు గుత్తులుగా రాలి, కోడి చిక్కిపోతుంది.

తురాయి మీద మచ్చ కనబడగానే కోళ్ల మశూచి అనుకోవడం మామూలే. మశూచి ముందు బొడిపెలుగా లేచి, తర్వాత ముదురు రంగు పక్కులు కడుతుంది. ఫేవస్ తెల్లగా, పొడిగా ఉంటుంది. అయినా కంటిచూపును నమ్ముకోవడం కన్నా పొలుసులు గీకి పరీక్షకు పంపడమే మేలు. సబౌరాడ్ అగార్ అనే పోషక మాధ్యమం మీద పెంచితే ఈ శిలీంధ్రం వదిలే ఎర్రని రంగు మాధ్యమంలోకి దిగుతుంది. అది మంచి ఆనవాలు.

పారిశ్రామిక ఫారాల్లో ఫేవస్ అరుదు. బ్రాయిలర్ కోడి బతికేదే ఆరేడు వారాలు. పెరటి కోళ్లు, పందెం కోళ్లు ఏళ్ల తరబడి బతుకుతాయి, పోట్లాటల్లో చర్మం గీరుకుంటుంది. అలాంటి గీతలు శిలీంధ్రానికి దారి ఇస్తాయి. మనిషికి అంటడం అరుదే అయినా జరగనిదేం కాదు. జపాన్‌లోని ఒకినావాలో పందెం కోళ్లు పెంచే వ్యక్తి చర్మంపై తామరకు ఇదే కారణమని తేలింది.

సోకిన కోడిని వేరుచేసి, పక్కులు మెత్తబరిచి తీసి, పశువైద్యుడి సలహాతో మైకోనజోల్ వంటి మందు పూస్తారు. చేతికి గ్లౌజులు తప్పనిసరి. రాలిన పొలుసుల్లో శిలీంధ్రం చాలాకాలం బతికే ఉంటుంది కనుక గూడు, దాణా తొట్టి కడగకుండా కోడికి మాత్రమే మందు రాస్తే రోగం తిరగబెడుతుంది.