'కైండ్ ఆఫ్ బ్లూ'కి నీలిరంగు అక్కర్లేదు

ఇష్టమైన ఆల్బమ్ మీద కాక్‌టెయిల్ చేయబోయేవాళ్లు చాలామంది పేరు దగ్గరే ఆగిపోతారు. మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' అనగానే బ్లూ కురసావ్ సీసా అందుకుంటారు. గ్లాసు నీలంగా మారుతుంది, సంగీతం మాత్రం అందులోకి రాదు. పానీయంలోకి తేవలసింది ఆల్బమ్ కట్టుబడిని.

ఇది 1959లో న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో, రెండే రోజుల్లో రికార్డయింది. అప్పటి జాజ్‌లో కార్డ్స్ అనే స్వరగుచ్ఛాలు చకచకా మారుతూ వాద్యకారుణ్ణి పరుగు పెట్టించేవి. డేవిస్ వాటిని బాగా తగ్గించి, ఒక్కో స్వరశ్రేణి మీద నిలిచి మనోధర్మం చూపే వీలు కల్పించాడు. మొదటి రచన 'సో వాట్' నడిచేది డోరియన్ శ్రేణిలో. ఆ శ్రేణిలోవి మన ఖరహరప్రియ స్వరాలే. 32 ఆవర్తనాల్లో మొదటి 16 ఒక శ్రుతిలో సాగుతాయి, తర్వాతి 8 అర్ధస్వరం పైకి జరుగుతాయి, చివరి 8 మళ్లీ మొదటి శ్రుతికి చేరతాయి.

అందుకే ఈ పానీయంలో పదార్థాలు తక్కువుండాలి. జిన్ 60 మిల్లీలీటర్లు, డ్రై వెర్మూత్ 15, ఆరెంజ్ బిటర్స్ కొద్ది చుక్కలు చాలు. మార్టినీ పద్ధతే ఇది. షేకర్‌లో కుదిపితే గాలి బుడగలు, ఐస్ పలుకులు చేరి మసకబారుతుంది. ఐస్ మీద పొడవాటి చెంచాతో అరనిమిషం తిప్పి వడగడితే తేటగా, నున్నగా దిగుతుంది. కరిగిన నీరు కూడా ఇందులో పదార్థమే. జిన్ ఘాటు తగ్గి, వెర్మూత్‌లోని మూలికల వాసన బయటపడేది దానివల్లే. ఈ ఆల్బమ్‌లో బిల్ ఎవాన్స్ తన పియానోలో స్వరానికీ స్వరానికీ మధ్య వదిలిన ఖాళీ కూడా తోటివాళ్ల వాద్యాలకు అలాంటి మేలే చేస్తుంది.

ఇక ఆ అర్ధస్వరం. 32లో 8 అంటే పావు వంతు. చల్లబరచిన గ్లాసు అంచున పావు వంతు మేర మాత్రమే పచ్చి నిమ్మతొక్క రుద్దాలి. ఆ వైపు నుంచి తాగితే తొక్క నూనె ముక్కుకు తగిలి అదే పానీయం ఒక మెట్టు పైకెక్కినట్టుంటుంది. గ్లాసు తిప్పితే మొదటి రుచికి తిరిగొస్తుంది.

ఇదే డేవిస్ 1970లో తెచ్చిన 'బిచెస్ బ్రూ'కి ఈ కొలతలు పనికిరావు. అందులో ఒకేసారి ఇద్దరు డ్రమ్మర్లు, ఒకటికి మించిన ఎలక్ట్రిక్ పియానోలు ఒరుసుకుంటాయి. దానికి రెండు మూడు రకాల రమ్ములు, మసాలా, పులుపు వేసి గట్టిగా కుదపాలి. ఏ ఆల్బమ్‌కైనా ముందు వినవలసినవి మూడు: ఎన్ని గొంతులు ఉన్నాయి, ఏది నిలకడగా ఉంది, ఏది ఎక్కడ మారింది. అవి తేలాకే సీసా మూత తీయాలి.