వార్తల్లో పదం: డార్క్ ప్యాటర్న్స్

విమానం టికెట్ బుక్ చేస్తూ బీమా వద్దనుకుంటే ‘నాకు రక్షణ లేకున్నా ఫర్వాలేదు’ అన్న మాట మీద నొక్కాల్సి వస్తుంది. కాదన్నవారిలో బెరుకు పుట్టించడమే దాని పని. ఇలా తెర మీది అమరికతోనే కొనుగోలుదారును పక్కదారి పట్టించే ఎత్తుగడలే డార్క్ ప్యాటర్న్స్. బ్రిటన్ డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లో ఈ పేరు పెట్టారు.

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ సీసీపీఏ, 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాలను పేర్కొంది. అడగని విరాళాన్ని బిల్లులో కలపడం, లేని కొరతను చూపి తొందరపెట్టడం, అసలు ధరను చివరిదాకా దాచడం వాటిలో కొన్ని.

అన్నిటికన్నా దుర్మార్గమైనది చందా ఉచ్చు. చేరడానికి ఒక్క నొక్కు చాలు. రద్దు చేసుకోవాలంటే మాత్రం ఆ మీట ఎక్కడుందో పేజీపేజీ గాలించాలి. ఈలోగా ఖాతాలోంచి నెలనెలా డబ్బు పోతూనే ఉంటుంది. ఫోన్ వాడకం కొత్తగా నేర్చుకుంటున్న పెద్దవాళ్లకు ఇది మరీ అన్యాయం. ఉచిత చందాకే కార్డు వివరాలో, ఆటోడెబిట్ అనుమతో ఇచ్చి తీరాలనడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

భారత్‌లో క్రమం తప్పకుండా సరుకులు, సేవలు అందించే వేదికలన్నిటికీ, ప్రకటనదారులకూ, అమ్మకందారులకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి. 2025 జూన్‌లో సీసీపీఏ, మూడు నెలల్లో స్వీయ తనిఖీ చేసుకోవాలని ఈ-కామర్స్ వేదికలకు సూచించింది. మీటను దాచినవారే దాన్ని వెతికి చూపాలంటే ఎలా? బయటివారి తనిఖీ తప్పనిసరి చేయాలి. మోసపోయినవారు స్క్రీన్‌షాట్ దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.