తాళము పడిన ఇండ్లు

ఒక వీధిలో తాళము పడిన ఇల్లు, ఆ వీధిలోనే తలదాచుకొన చోటులేని కుటుంబము - ఇది ఏ ఊరికైనను తలవంపే. ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు ఈ చిక్కును ఎట్లు విప్పుచున్నవో శ్రోతలకు మనవి చేయుదుము.

మొదటి పని యజమానిని వెదకి పట్టుకొనుట. వారసుల తగవులు, మరమ్మతుకు డబ్బులేమి, వార్ధక్యము - ఇంటికి తాళము పడుటకు తరచు ఇవియే కారణములు. కనుక కౌన్సిలు ఉద్యోగి ముందు ఉత్తరము వ్రాసి సలహా చెప్పును. కొన్ని కౌన్సిళ్లు అప్పు కూడ ఇచ్చును. రెండేండ్లు ఖాళీగానున్న ఇంటి మరమ్మతు పనిపై వ్యాట్ పన్ను నూటికి 20కి బదులు 5 మాత్రమే.

మంచిమాట చెవికెక్కనిచో పన్ను పెరుగును. 2024 ఏప్రిల్ నుండి, ఏడాది దాటి ఖాళీగానున్న ఇంటికి కౌన్సిలు ఇంటిపన్నును రెట్టింపు చేయవచ్చును. పదేండ్లు దాటినచో నాలుగింతలు వేయవచ్చును.

అప్పటికిని కదలనిచో 2004 నాటి గృహచట్టమున్నది. రెండేండ్లు ఖాళీగానుండి ఇరుగుపొరుగును బాధించు ఇంటిని కౌన్సిలు, ట్రిబ్యునలు అనుమతితో, తన నిర్వహణలోనికి తీసికొనవచ్చును. తుది ఉత్తర్వు ఏడేండ్లవరకు చెల్లును. ఆ కాలమున ఇంటిని బాగుచేసి అద్దెకిచ్చి, ఖర్చులు పోగా మిగిలినది యజమానికే చెల్లింతురు. ఇల్లు ఆయనదే. నిర్బంధముగా కొనుట చిట్టచివరి మార్గము.

లివర్‌పూల్ కౌన్సిలు 2013లో వేరొక దారి త్రొక్కినది. తన చేతిలోని పాడుపడిన ఇండ్లను ఒక్కొక్క పౌనుకే ఇచ్చి, తీసికొన్నవారు బాగుచేసికొని అందులోనే కాపురముండవలెనని నియమము పెట్టినది.

ఆస్తిహక్కును మేమును గౌరవింతుము. కాని ఒకరి కప్పు కారి ప్రక్కవారి గోడ నానునప్పుడు, ఆ ఇంటి సంగతి వీధి యంతటిదియు నగును.