ముడి చక్కెర దిగుమతులపై ఆధారపడటం: భారతదేశం, ఇండోనేషియా – ఒక పోలిక

1. పరిచయం

హైదరాబాద్ హైటెక్ సిటీ పక్కనే ఉన్న మైండ్‌స్పేస్‌లో అనేక ఐటీ కార్యాలయాలు ప్రత్యేక ఆర్థిక మండలిలో పనిచేస్తున్నాయి. 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం కింద అవి కంప్యూటర్లను సుంకం లేకుండా దిగుమతి చేసుకుని, సేవలను ఎగుమతి చేయవచ్చు. కాకినాడ దగ్గర వాకలపూడిలోని ప్యారీ చక్కెర రిఫైనరీ కూడా ఇదే తరహాలో నడుస్తుంది. ఓడల్లో వచ్చిన ముడి చక్కెరను శుద్ధి చేసి, తెల్ల చక్కెరగా మళ్లీ విదేశాలకు పంపుతుంది. ఈ దిగుమతులను చూసి మన దేశం విదేశీ చక్కెరపై ఆధారపడి ఉందనవచ్చా? ఇండోనేషియాతో పోల్చి పరిశీలిద్దాం.

2. ముడి చక్కెర అంటే ఏమిటి?

చెరకు రసాన్ని మరిగించి, స్ఫటికాలుగా మార్చినప్పుడు వాటి చుట్టూ మొలాసిస్ పొర మిగిలి ఉంటుంది. గోధుమ రంగులో ఉండే ఆ చక్కెరే ముడి చక్కెర. నరికిన చెరకును కొద్ది రోజుల్లోనే గానుగాడించాలి. ఆలస్యమైతే అందులోని చక్కెర శాతం పడిపోతుంది. ముడి చక్కెర మాత్రం నెలల తరబడి నిల్వ ఉంటుంది. అందుకే దేశాల మధ్య వ్యాపారం చెరకులో కాక చక్కెరలో జరుగుతుంది.

3. కొలిచే విధానం

దిగుమతుల నుంచి ఎగుమతులను తీసివేస్తే నికర దిగుమతులు వస్తాయి. వాటికి దేశీయ ఉత్పత్తిని కలిపితే దేశంలో లభ్యత తెలుస్తుంది. లభ్యతలో నికర దిగుమతుల శాతమే ఆధారపడే నిష్పత్తి. (ఇక్కడ పాత నిల్వలను లెక్కలోకి తీసుకోలేదు.)

4. ఇండోనేషియా

2023లో ఇండోనేషియా ఉత్పత్తి సుమారు 23 లక్షల టన్నులు, దిగుమతులు సుమారు 50 లక్షల టన్నులు. ఎగుమతులు లెక్కలోకి రానంత తక్కువ. 50ని 73తో భాగించి 100తో గుణిస్తే సుమారు 68 శాతం వస్తుంది. దిగుమతుల్లో అత్యధిక భాగం ముడి చక్కెరే.

1930 ప్రాంతంలో, డచ్చి పాలనలో, జావా దీవి క్యూబా తరువాత ప్రపంచంలో పెద్ద చక్కెర ఎగుమతిదారు. తరువాత మిల్లులు పాతబడ్డాయి, చెరకు భూములకు వరితో పోటీ పెరిగింది, జనాభాతో పాటు ఆహార, పానీయ పరిశ్రమల అవసరమూ పెరిగింది.

5. భారతదేశం

2021-22 చక్కెర సంవత్సరంలో మన ఉత్పత్తి సుమారు 359 లక్షల టన్నులు, ఎగుమతి సుమారు 110 లక్షల టన్నులు. నికర దిగుమతి లేదు కనుక ఆధారపడటమూ లేదు. వాకలపూడికి వచ్చే ముడి చక్కెర తిరిగి ఎగుమతి అవుతుంది కనుక ఈ లెక్కను మార్చదు. దేశీయ వినియోగం కోసం తెచ్చే చక్కెరపై 2018 నుంచి 100 శాతం సుంకం ఉంది.

అయితే ఈ స్థితి శాశ్వతం కాదు. 2007-08లో సుమారు 263 లక్షల టన్నులున్న ఉత్పత్తి, మరుసటి ఏడాది 145 లక్షలకు పడిపోయింది. ప్రభుత్వం 2009లో ముడి చక్కెరను సుంకం లేకుండా అనుమతించింది. 2010 ఆరంభంలో ప్రపంచ ధర 29 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. పెద్ద దేశం కొనుగోలుకు దిగితే ధర తానే పెంచుకుంటుందని ఇది చూపుతుంది.

ఆధారపడటం ఓడరేవులో కాక మిల్లు దగ్గరే మొదలవుతుంది. 1937లో బోధన్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. దగ్గరి మిల్లు ఆగిపోతే రైతు చెరకును దూరానికి తోలాలి, లేదా పంట మార్చాలి. అలా మిల్లులు ఒక్కొక్కటిగా ఆగిపోతే జావా అనుభవం మనకూ ఎదురుకావచ్చు.

6. సారాంశం

దిగుమతి పరిమాణం మాత్రమే ఆధారపడటాన్ని తెలపదు. ఆ సరుకు దేశంలోనే వినియోగం అవుతోందా, తిరిగి ఎగుమతి అవుతోందా అన్నది చూడాలి. ఇండోనేషియా వినియోగానికి దిగుమతి చేసుకుంటోంది. భారతదేశం సాధారణ సంవత్సరాల్లో శుద్ధి చేసి పంపడానికి దిగుమతి చేసుకుంటోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక దేశం 40 లక్షల టన్నులు ఉత్పత్తి చేసి, 20 లక్షల టన్నులు దిగుమతి, 10 లక్షల టన్నులు ఎగుమతి చేసింది. ఆధారపడే నిష్పత్తి ఎంత? (జవాబు: 20 శాతం)
2. చెరకు మిల్లు మూతపడటం దిగుమతులకు ఎలా దారితీస్తుందో వివరించండి.